ఎవరరుస్తారో చూద్దాం

మా ఆఫీసు సర్వర్ రూము చూసుకునే పెద్దమనిషిని అందరం మీటరన్న అంటాం. ఏ మెషిన్ ఎంత కరెంటు తాగుతోందో ఇరవై నాలుగేళ్ళుగా రోజూ కొలిచి నోట్‌బుక్‌లో రాస్తున్నాడు. పెళ్ళి తేదీ అడిగితే నీళ్ళు నములుతాడు గానీ, ఏ మెషిన్ ఏ ఏడాది వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఆ నోట్‌బుక్కుల సారం ఒక్కటే. కొత్తగా దిగిన ప్రతి తరం మెషిన్ అంతే కరెంటుతో పాతదానికి రెట్టింపు పని చేసింది. ఈ మధ్య ఆ జోరు కాస్త తగ్గింది. మొత్తం వాడకం మాత్రం ఒక్క ఏడాదీ తగ్గలేదు. కరెంటు మిగిలిందంటే చాలు, మావాళ్ళు కొత్త పని తెచ్చి కుక్కుతారు.

ఈసారి మేనేజరు తెగేసి చెప్పాడు. "నెలాఖరుకి కరెంటు వాడకం మూడో వంతు తగ్గాలి, అన్నా. లేకపోతే పైవాళ్ళు రూమే మూసేస్తారట. నీ సంగతి నాకు తెలీదు."

అన్న కూతురి చదువు ఇంకా రెండేళ్ళుంది.

నలభై మెషిన్లలో సగానికి పైగా ఏ పనీ చెయ్యవు. ఊరికే కూర్చుని కూడా, పనిచేసేవి తాగేదాంట్లో సగం కరెంటు మింగుతాయి, అచ్చం మా మేనేజరులాగే. ఏది దేనికో ఎవరికీ తెలీదు. అడిగితే "ఉండనీ, ముట్టుకోకు" అంటారు. అందుకని అన్న అడగడం మానేసి, ఇరవై రెండింటికి నెట్‌వర్క్ వైర్లు పీకేశాడు. ఎవరరుస్తారోనని ఫోన్ పక్కన కూర్చున్నాడు. మా పనిలో ఇది పాత పద్ధతే. అరిచినవాడిదే మెషిన్.

వారం గడిచింది. అరిచింది ఒక్క మేనేజరే.

"నా రిపోర్టు రాలేదేంటి?"

"ఏ రిపోర్టు సార్?"

"కరెంటు పొదుపుది. ప్రతి సోమవారం వస్తుందిగా!"

"చదువుతారా సార్?"

"చదవను. కానీ రావాలి."

ఆ రిపోర్టు పంపే మెషిన్‌కి వైరు మళ్ళీ పెట్టి, మిగతా ఇరవై ఒకటీ ఆపేశాడు అన్న. వాడకం మూడో వంతుకి పైగా పడిపోయింది. మేనేజరు భుజం తట్టి, "ఇన్ని పోయాక చూసుకోడానికి మనిషెందుకన్నా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అన్న మాత్రం నోట్‌బుక్ తెరిచి ఇన్నేళ్ళ లెక్క చూపించాడు. "రెండు నెలలు ఆగండి సార్. అప్పటికీ ఆపేసినవాటి చోటు ఖాళీగా ఉంటే నేనే వెళ్ళిపోతా."

ఐదు వారాలకే ముప్పై కొత్త మెషిన్లు దిగాయి. "కరెంటు మిగిలిందిగా!" అన్నాడు మేనేజరు. అన్నే వాటికి వైర్లు బిగించి రీడింగు తీశాడు. పాత వాడకాన్ని దాటేసింది.

ఉద్యోగం నిలిచింది కదా, టీ ఇప్పించమన్నాను.

"ఇప్పిస్తాలేరా. నేను తగ్గించింది తగ్గినట్టే ఉండుంటే, ఈపాటికి ఇంట్లో కూర్చునేవాణ్ణి" అని నవ్వబోయి, కళ్ళు తుడుచుకున్నాడు.