పక్క పట్టీ జరిపిందెవరు

నా బ్లాగులో ఎడమ పక్కన ఒక పట్టీ ఉండేది. పాత రాతల జాబితా, విషయాల జాబితా, నా గురించి నాలుగు మాటలు, ఒక్కోటీ ఒక్కో పెట్టెలో, అన్నీ అందులోనే. దాని రంగు కుదరడానికే నాకు వారం పట్టింది. తిరువళ్ళూరు దగ్గర ఒక కంపెనీ స్టోర్సులో పనిచేస్తాను. ఏ బోల్టు ఏ అరలో ఉండాలో ఆ అరలో లేకపోతే నాకు అన్నం సయించదు. అలాంటి నా పేజీలో ఒకనాడు పొద్దున చూస్తే ఆ పట్టీ కాస్తా అడుక్కి పోయి ఉంది.

నా వేలే ఎక్కడో తగిలిందేమోనని మళ్ళీ దాని చోట పెట్టాను. మూడోనాటికి మళ్ళీ అడుగున. ఈసారి అందులో సగం పెట్టెలు కూడా లేవు.

పట్టీ పోతే పోయింది, లోపల రాసింది మా వాళ్ళెవరైనా చదివారా అన్నదే నా భయం. మా ఇళ్ళలో అందరం తెలుగే మాట్లాడతాం, చదివేది మాత్రం తమిళం. అత్తిమంజేరిపేటలో తెలుగు బడికి పోయింది నేనొక్కతెనే. అక్క తిరుత్తణిలో మేనత్త ఇంట పెరిగి తమిళంలో చదువుకుంది. మా ఆయనా అంతే. తెలుగు అక్షరాలే నాకు బీరువా తాళం. ఆ ధైర్యంతోనే కడుపులో ఉన్నదంతా రాశాను. ముఖ్యంగా అక్క మీద. అమ్మ నోరు పడిపోయి మా ఇంట్లో మంచంలో ఉన్న ఏడాదిలో అక్క రెండుసార్లే వచ్చిందని, ఎదురింటామె అమ్మకు తలకు పోసి జడ కూడా వేసిందని, ఆపాటి ప్రేమ కన్నకూతురికి లేకపోయిందని.

మొదటి అనుమానం మా ఆయన మీద. నా ఫోను ముట్టేది ఆయనొక్కడే.

"నా బ్లాగు తెరిచినావా?" అన్నాను.

"అదేందో నాకేం తెలుసు? నేను యాడ చూసినా?" అన్నాడు.

ఆ జవాబులో నాకు కాస్త తొందర కనబడింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకున్నాను. ఆ వారమంతా ఆయన ఫోను పట్టుకుంటే చాలు, వెనకనుంచి తొంగి చూశాను. పాపం, క్రికెట్టే చూస్తున్నాడు. నేను వస్తున్న అలికిడికే క్రికెట్టు పెడుతున్నాడేమో అని కూడా అనుకున్నాను. పాస్‌వర్డ్ మారిస్తే సరిపోయేది, మార్చలేదు. మారిస్తే దొంగ చిక్కకుండా పోతాడు కదా.

శనివారం నాడు అడుగున ఒక కొత్త పెట్టె కనబడింది. దాని పేరు తమిళంలో ఉంది. ఫోను ఏ భాషలో ఉంటే పేరు ఆ భాషలో పడుతుంది. మా ఆయన ఫోను ఇంగ్లీషు. తమిళంలో ఉన్న ఫోను నాకు తెలిసి అక్కదే. ఎండాకాలంలో తిరుత్తణికి పోయినప్పుడు నా ఫోనులో చార్జు లేక, అక్క ఫోనులో నా బ్లాగు తెరిచి ఒక తప్పు దిద్దాను. లాగౌట్ చేయడం మరిచాను.

ఆదివారం రైలెక్కాను. ఏమనాలో అరక్కోణం దాకా కూడబలుక్కున్నాను.

అక్క వాకిట్లో కూర్చుని చిన్న ఉల్లిపాయలు ఒలుస్తోంది. ఫోను చేటకు ఆనించి ఉంది. కూడబలుక్కున్నదంతా మరిచి, "నా బ్లాగులో చెయ్యి పెట్టింది నువ్వేనా?" అన్నాను.

"నేనే మే," అంది, దాచనే లేదు. "ఫోనులో ఒకామె చదువుతుంది కదా, ఆమె ముందు నీ పట్టీనంతా చదివినాకే కతకొస్తుంది. అంతలోకి నా ఉల్లిపాయలు అయిపోతుండాయి. అందుకే కిందికి తోసేసినా. ఏదో నొక్కితే ఏదో పోయింది, ఏదో వచ్చింది. తప్పా?"

మీటలన్నీ ఆమెకు తమిళంలోనే కనబడుతున్నాయి. తెలుగు చదివిపెట్టడానికి ఫోను ఉంది. నా తాళానికి ఇంత దొడ్డిదారి ఉందని నాకు తట్టనే లేదు.

"అన్నీ విన్నావా అక్కా?"

"అన్నీ. రెండుసార్లే అని రాసినావు. మూడు. మూడోసారి నువ్వు డ్యూటీకి పోయుండావు. అమ్మకు తలకు పోసి, జడేసి, సాయంకాలం బండికి వచ్చేసినా."

ఆ జడ నాకు బాగా గుర్తు. ఇంటికొచ్చేసరికి అమ్మ తల నున్నగా దువ్వి ఉంది. తోడుగా కూర్చున్న ఎదురింటామెకు చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఆమె నవ్వింది, కాదనలేదు. ఊరందరినీ అనుమానించే నేను ఆ నవ్వును మాత్రం నమ్మాను.

"అప్పుడే నాకు చెప్పొచ్చు కదా?"

"నువ్వు అడిగితే కదా మే. సుమ్మా, ఊరికినే రాసేసుకుంటివి."

అక్క తడిచేతిని చీర కొంగుకు తుడుచుకుని ఫోను నొక్కింది. ఉప్పూ కారం లేని గొంతుతో అది నా రాత చదవడం మొదలుపెట్టింది. అక్క రెండుసార్లే వచ్చింది అన్న వాక్యం దగ్గరికి వచ్చింది.

"ఆపెయ్యి అక్కా, నీకు పుణ్యముంటుంది," అన్నాను.

అక్క ఇంకో ఉల్లిపాయ చేతిలోకి తీసుకుంది.

"ఉండు. ఇంగ జడ కత వస్తుంది. అది బాగా రాసినావు."