పన్నెండు రోజుల పువ్వుతో మా అక్క పోరు

మా అక్కకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నాకు అంత దూరం కూడా అక్కర్లేదు, చేతుల్లోనే కాపురం పెట్టింది. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఇందులో ఎముకలు విరుగుతాయి. పూల సంగతి కదా అని తీరుబడిగా కూర్చున్నవాళ్ళు కాస్త సర్దుకోండి.

ఆమె కాపురం మూడేళ్ళు నడిచింది. మా బావ చెయ్యెత్తే మనిషి. రెండేళ్ళు నోరుమూసుకుని పడింది. మూడో ఏడు ఒకరోజు కాలుతున్న ఇస్త్రీపెట్టెతో అతని మోకాలి చిప్ప పగలగొట్టి, ఆ సాయంత్రమే నా ఇంటికి వచ్చేసింది. అప్పటికే నేను ఊరి చివర చిన్న నర్సరీ నడుపుతున్నాను. మూడు గాజు గదులు, వెనకాల అరెకరం నేల. వచ్చిన మర్నాడే పార పట్టింది.

మా దగ్గర ఎక్కువగా ఉండేది ఐరిస్. నేలలో దుంప, కత్తుల్లా నిలబడే ఆకులు, వసంతంలో పొడుగాటి కాడ మీద పూలు. పన్నెండు రోజులు విరగబూస్తుంది. ఆ తర్వాత ఏడాదంతా ఒట్టి ఆకులే. ఆమె వచ్చిన చాలా ఏళ్ళకు పూల వ్యాపారి ఒకడు వచ్చి, మీ పువ్వు చుట్టపుచూపుగా వచ్చిపోతుందమ్మా, నాకు కాపురం చేసే పువ్వు కావాలి అన్నాడు. మా అక్క చేతిలో బకెట్ ఉంది. నీళ్ళు అతని నెత్తిన కుమ్మరించింది, వెనకే బకెట్టూ విసిరింది. నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి పాపం. ఆ రోజునుంచి ఆమెకు ఒకటే పంతం. వసంతంలో పూసి, మళ్ళీ చలికాలం ముందు ఇంకోసారి పూసే ఐరిస్‌ను తయారుచేయాలి.

విత్తనం పువ్వు అయ్యేసరికి మూడేళ్ళు. ఏటా వందల మొక్కలు పూసేవి. పూలు రాలాక అక్కర్లేనివన్నీ ఆమె చంపేది. పెరికి పారేయడం కాదు, పారతో దుంపను నాలుగు ముక్కలు నరకడం. రసం మొహాన చిందేది, తుడుచుకునేది కాదు. దుంపను తొలిచే పురుగు మిగలకూడదని ఆ ముక్కలన్నీ తగలబెట్టడం నా పని. ఉంచదలచిన వాటికి మాత్రం పూలుండగానే మొదలు దగ్గర ఎర్ర దారం కట్టేది. పన్నెండేళ్ళు ఇలాగే ఆమె నరికింది, నేను కాల్చాను.

పన్నెండో ఏడు వసంతంలో ఒక నల్ల పువ్వు పూసింది. నలుపంటే నలుపే, అంచున మాత్రం రాగి తీగ చుట్టినట్టు మెరుపు. నలభై ఏళ్ళలో అలాంటిది నేను చూడలేదు. ఈ ఒక్కదాన్నీ వదిలెయ్యమని బతిమాలాను. అందానికి జాలిపడితే తన జన్మంతా చాలదని, అదీ పన్నెండు రోజులదేనని కొట్టిపారేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

పూలు పోయాక ఐరిస్ మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి. ఏది ఏదో పెంచినవాళ్ళకే తెలియదు, దారమే గుర్తు. ఆ ఏడాది ఏడు మొక్కలకు ఎర్ర దారాలు ఉన్నాయి. వరస చివరి మొక్క దారం విప్పి పక్కనే ఉన్న నా నల్లదానికి కట్టాను. ఆ చివరిది ఉతికి ఉతికి వెలిసిన దుప్పటి రంగు పువ్వు పూసిన మొక్క. అది పోతే ఎవడికి నష్టం అనుకున్నాను. మర్నాడు అక్క పార తీసుకుని దారం లేని ప్రతిదాన్నీ నరికింది. నేను కిరోసిన్ పోసి అగ్గిపుల్ల గీశాను.

ఎండలు తగ్గాయి. అక్క పొద్దున్నే టీ కూడా తాగకుండా వెళ్ళి ఒక మొక్క ముందు గొంతుక్కూర్చుని ఆకులు విడదీసి చూసేది. ఏం వెతుకుతున్నావంటే ఏమీ లేదనేది. ఇరవై రోజులు గడిచాయి. అన్నం మానేసింది. మనసు బాగోలేదేమో, కాస్త నవ్విద్దామని కుండీలు నింపే బల్ల దగ్గర గొప్పగా చెప్పాను.

"అక్కా, నువ్వు రోజూ కూర్చునేది ఆ నల్లపిల్ల దగ్గరే. దారం మార్చి నేనే బతికించాను."

"ఎవరి దారం?"

"చివర్న ఉండేదే, ఆ వెలిసిపోయినదాన్ది."

అప్పుడు ఆమె చెబితే తెలిసింది. ఆ వెలిసిన పువ్వు కిందటేడు చలికి ముందు రెండోసారి పూసింది. అప్పుడు నేను ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రిలో ఉన్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని, ఇంకో ఏడు పూసి రుజువయ్యాక చెబుదామని దాచిపెట్టింది.

పార ఎత్తి నా తల మీదికే వేసింది. పక్కకు తప్పుకుంటే భుజం చీలింది. రెండో వేటుకు కుండీలు పగిలాయి, మూడోదానికి గాజు తలుపు కుప్పకూలింది. పార లాక్కున్నాను. అక్కడితో ఆగి ఉంటే మనిషిననిపించుకునేవాణ్ణి. ఆగలేదు. కర్రవైపు తిప్పి ఆమె కుడి మణికట్టు మీద బలంగా కొట్టాను. ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. ఆమె ఆ చేతినే చూసుకుంటూ గాజు పెంకుల్లో కూలబడింది.

డాక్టరు లోపల కడ్డీ వేశాడు. మూడు వేళ్ళు మళ్ళీ వంగలేదు. చలికాలమంతా నాతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళం. నన్ను కొట్టినా బాగుండేదనిపించేది. పన్నెండేళ్ళ ఆమె కష్టాన్ని కాల్చింది నేను, ఆమె చేతిని విరిచిందీ నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

వసంతంలో మొదటి మొగ్గలు వచ్చాయి. అక్క వచ్చి చిన్న పట్టకారు నా చేతిలో పెట్టింది. ఆ వెలిసినదాని తల్లి మొక్కా తండ్రి మొక్కా ఇంకా బతికే ఉన్నాయి. మొగ్గ విచ్చకముందే రేకలు చీల్చి, లోపలి పుప్పొడి కాడలు పీకేసి, రెండోదాని పుప్పొడి అద్దాలి. వంగని వేళ్ళతో ఆ పని కాదు. నా వెనక నిలబడి, "పీకు" అంది. అన్ని నెలల్లో అదే మొదటి మాట. తప్పుగా చీల్చాను. ఎడమచేత్తో నా మాడు మీద గట్టిగా మొట్టింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగింది దానికి కాదు.

"మళ్ళీ ఎన్నేళ్ళక్కా?"

"పన్నెండు."

"నాకు అరవై నాలుగు."

"నాకు అరవై ఏడు. మధ్యలో చచ్చావో, చంపేస్తాను. ఇంకో మొగ్గ తియ్యి."