సారు జోకును మందుగా అమ్మినవాళ్లు

మా ఫిజిక్స్ సారు మంగళవారం పొద్దున గుండె ఆగి పోయారు. కబురు తెలిసి నా మందుల దుకాణం షట్టర్ దించుతుంటే ఫోన్లో ఆయన ఫొటో వచ్చింది. పూలదండ, "అశ్రునివాళి", కింద ఒక పసుపు పొడి ప్యాకెట్. పంపిందెవరో చూసి ఒళ్లు మండిపోయింది.

ఆర్మూర్‌లో ఆయన దగ్గర చదివినవాళ్లకు సినిమా హీరోలే పాఠాలు. "హీరో తంతే జీపు గాల్లకెందుకు లేస్తది? భూమ్యాకర్షణ శక్తి సుత సినిమా చూస్కుంట డ్యూటీ మరిచింది" అనేవారు. మేం పడీ పడీ నవ్వేవాళ్లం. "నవ్వుడైందా? ఇగ లెక్క చెయ్యుండ్రి. జీపుకెంత దెబ్బనో కాలికి గంతే. న్యూటన్ గా హీరో ఫ్యాన్ కాదు." మూడో నియమం నాకు అలా వచ్చిందే.

రిటైరయ్యాక ఒక బడి వార్షికోత్సవంలో, హీరోకు వయసెందుకు పెరగదో వివరించారు. "రోజు చెంచాడు మన పసుపు మింగుతడు. గది రక్తంల యాంటీ క్యాలెండర్ అణువైతది. దాన్ని జూసి షుగర్ పారిపోతది, గోలీలతోని పనే లేదు." చివర్న గట్టిగా అన్నారు: "గిదంత ఉత్తదే! తప్పు యాడున్నదో చెప్పినోళ్లకు పెన్నిస్త."

ఆ చివరి ముక్క కోసేసి, పసుపు పొడి అమ్మే మనిషి ఒకడు "సైన్సు సారే చెప్పిండు" అని వీడియో తిప్పాడు. తీసెయ్యమని సారు అడిగితే, "మీకు సుత పేరొస్తున్నది గద సార్, ఫికరెందుకు?" అన్నాడట. నేనేం చేశాను? చూసి నవ్వాను. ఎవరు నమ్ముతారులే అనుకున్నాను. ఆ నెల షుగర్ గోలీలకు ఎప్పుడూ వచ్చే ముగ్గురు రాలేదు. నా మీద నాకు కోపం అక్కడే.

ఆ ముగ్గురి సంగతి నేను చెప్పగానే సారు స్కూటర్ తీశారు. నేను వెనక కూర్చున్నాను. ఇద్దరు మాట విన్నారు. మూడో ఆమె జక్రాన్‌పల్లిలో బీడీలు చుడుతుంది. కాలి మీద పుండు మానడం లేదు.

"మీరే గద సారూ గోలీలు వద్దన్నది? ఫోన్ల జూసిన."

"నవ్వుతానికి చెప్పిన అమ్మా. తప్పు నాదే. నడువు, దవాఖానకు పోదాం."

ఆయనదా తప్పు? వీడియో కోసినవాడు ఇప్పటికీ ఆ మాట అనలేదు. చచ్చిపోయిన మనిషికి దండ వేసి, అదే ప్యాకెట్ అమ్ముకుంటున్నాడు.

ఆ రోజు దవాఖానలో ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, సారు ఆమె చీటీతో వరుసలో నిలబడ్డారు. ముందున్న ముసలాయన వెనక్కి తిరిగాడు.

"పసుపు సారు మీరే గదా? షుగర్ నిజంగనే పోతదా?"

"లేదన్నా. గదంత ఉత్తదే."

అంతటితో ఊరుకోలేదు. నన్ను తన చోట నిలబెట్టి, ఆ చీటీ చేతిలో పట్టుకొనే ఒక్కొక్కరి దగ్గరా వంగి అదే మాట చెప్పుకుంటూ, వరుస చివరి మనిషి దాకా నడిచారు.