కొత్త సిస్టం వేసేముందు ఒక పత్తాలాట

“ఆ ఎర్ర తొమ్మిదిని నల్ల పది మీద వెట్టొచ్చు గదా?”

“నీకేం దెల్వది, ఊకో. దవాఖానకు వోయొచ్చి నేనే ఆడుత. అప్పటిదాంక దాన్ని ముట్టకు.”

నేనూ నా పెనిమిటీ చివరిసారి మాట్లాడుకున్న మాటలు ఇవే. మంచిమాట ఒక్కటీ లేదు. ఛాతీలో మంటంటే గ్యాసేమో అనుకుని పక్కింటాయన బండి మీద వెళ్లాడు. నేను తలుపుకు తాళం వేసి ఆటోలో సుచిత్ర దగ్గరి దవాఖానకు చేరేసరికే అంతా అయిపోయింది.

నేను చెబుతున్నాను, నా ఆడబిడ్డ రాస్తోంది. నాకు సంతకం వచ్చు, అంకెలు వచ్చు, పత్తాల మీది బొమ్మలు వచ్చు. అంతకుమించి చదువు లేదు.

ఆయన దుండిగల్ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ అటెండరు. కాలేజీవాళ్లు పాత కంప్యూటర్లు తీసేస్తుంటే ఒకటి కొనుక్కుని, షేర్ ఆటోలో పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అంత కష్టపడి తెచ్చి దాంట్లో చేసిందేమిటంటే పత్తాలాట. ఒక్కడే కూర్చుని ఆడుకునే ఆట. నేను బియ్యం చాట పట్టుకుని వెనకాల నిలబడి, ఏ పత్తా ఎక్కడ పెట్టాలో చెప్పేదాన్ని. ఒక్కనాడూ వినలేదు. విన్నా, కాసేపు గడ్డం గోక్కుని, అప్పుడే తనకు తట్టినట్టు పెట్టేవాడు.

ఆ రోజు ఆట సగంలో ఆపి, దాచిపెట్టమని కంప్యూటర్‌కు చెప్పి వెళ్లాడు. సగం ఆట లోపలే ఉండిపోయింది. ముట్టకు అన్నాడు, నేను ముట్టలేదు. ఏడాదిన్నర గుడ్డతో దుమ్ము తుడవడమే.

మొన్న అసలు చిక్కు వచ్చింది. శామీర్‌పేటలో ఉన్న మా అక్కకు మోకాలి ఆపరేషన్ అయింది. ఆమె రాలేదు, నేను బస్సులు మారి పోలేను. ఫోన్‌లో మొహం చూస్తూ మాట్లాడదామంటే ఆమె ఫోన్ ఎలా పట్టుకుంటుందో గానీ నాకు ముక్కురంధ్రం తప్ప ఏమీ కనబడదు. పెద్ద తెర మీదైతే మనిషి మొత్తం కనబడుతుందని ఆడబిడ్డ ఒక కెమెరా కొనుక్కొచ్చి తగిలించింది. కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టలేదు.

“వదినె, దీనికి డ్రైవర్ ఎయ్యాలె. కెమెరా చెప్పేది కంప్యూటర్‌కు సమజయ్యేటట్టు చేసే చిన్న ప్రోగ్రాం. గీ పాత సిస్టంల అది ఎక్కుతలేదు. సిస్టమే కొత్తది వెయ్యాలె.”

“ఎయ్యి. నాకేంది?”

“ఫోటోలు, కాయితాలు పెన్‌డ్రైవ్‌ల దాస్త. అన్న ఆట మాత్రం పోతది. కొత్త సిస్టంల గీ పత్తాలాటే ఉండదు.”

ఆయన చొక్కాలు పంచేశాను, కళ్లజోడు పంచేశాను, మంచం కూడా ఇచ్చేశాను. ఆ సగం ఆట ఒక్కటే ఆయన చేయి పెట్టి వదిలింది వదిలినట్టు మిగిలింది. అక్కను చూడాలంటే అది పోవాలి.

“అయితే ముందు ఆట ముగిద్దాం. గెలిచినా, ఓడినా. సగంల తుడిచేస్తె నాకు నిద్ర వట్టది” అన్నాను.

“అన్న గెలిచే ఆటనే అది” అంది ఆడబిడ్డ.

“మీ అన్న ఓడే ఆట. నా మాట ఇననోడు ఎట్ల గెలుస్తడు?”

నాకు మౌస్ తిప్పడం రాదు కాబట్టి అది ఆమె పట్టుకుంది. చెప్పేది నేను. ఆట తెరిస్తే ఆ ఎర్ర తొమ్మిది అక్కడే కూర్చుని ఉంది. ముందు దాన్ని జరిపించాను. కింద నుంచి ఇస్పేటు రాణి లేచింది. “సూసినవా?” అన్నాను. ఆమె చూడనట్టు నటించింది.

ఇంతలో కంప్యూటర్ డబ్బా రొదపెట్టడం మొదలుపెట్టింది. ముందు దోమలా, తర్వాత పిండిమరలా. తెర ఆగి ఆగి కదులుతోంది. ఆడబిడ్డ డబ్బా మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసింది.

“పెనం తీర్గ కాలుతాంది! పక్కరేకు విప్పి సూస్తనుండు.”

ఆట నడుస్తుండగానే రేకు ఊడదీసింది. లోపల గాలిపంకాకు పసుపు పట్టేసి ఉంది. కుంకుమ, అక్షింతలు, ఎండిన బంతిరేకులు, ఊదుబత్తి బూడిద. ప్రతి దసరాకూ ఆయన కంప్యూటర్‌కు ఆయుధపూజ చేసేవాడు. నోట్లో నైవేద్యం పెట్టినట్టు డబ్బాకున్న గాలి చిల్లుల్లోనే బొట్టు కుక్కేవాడు. ఆయన పోయాక ఆ పని నేను చేశాను. ఆయనకంటే భక్తిగా, రెండు చిటికెలు ఎక్కువే వేశాను.

“గిది కంప్యూటరా, పోశమ్మ గద్దెనా? బంద్ చేద్దాం వదినె. సల్లవడ్డంక సాఫ్ జేసి మళ్ల ఆడుదాం.”

“లెవ్వకు! ఈ ఆట సగంల ఇడిసి లేసినాయిన మళ్ల రాలే. నువ్వు గూడ లేస్తవా?”

ఆమె గబుక్కున కూర్చుండిపోయింది. నేను చాట తెచ్చి డబ్బాకు విసరడం మొదలుపెట్టాను. పసుపు, కుంకుమ లేచి ఆమె మొహం నిండా పడ్డాయి. ఆమె తుమ్ముతూ మౌస్ తిప్పుతోంది, నేను విసురుతూ అరుస్తున్నాను. “డైమన్ నాలుగు పైకి! జల్దీ! ఆటీన్ జాకీ అటు! అటు గాదే, ఇటు!”

ఒకచోట పూర్తిగా ఇరుక్కుపోయాం. ఆడబిడ్డ రాజును కదపమంది. వద్దు, ముందు కట్టలో చూడమన్నాను. అన్న అయితే రాజునే కదిపేవాడు అంది. అందుకే వద్దన్నాను. కట్టలోంచి కళావర్ ఆరు వచ్చింది. ఆ తర్వాత దారి దొరికింది. నాలుగు రాజులూ పైకెక్కి కూర్చున్నాయి. పత్తాలన్నీ తెర మీద ఎగిరి ముక్కలై రాలాయి. ఆట గెలుపుతో ముగిసింది. నేను చాట విసరడం మాత్రం ఆపలేదు, ఎందుకో.

ఆ తర్వాత డబ్బా ఆపి, పెయింటు బ్రష్‌తో పంకా తుడిచి, కొత్త సిస్టం వేసింది. “ఆపకండి” అని తెర మీద రాసి గుండ్రంగా తిరుగుతుంటే, మేము సాయంత్రం దాకా దాని ముందు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాం. డ్రైవర్ ఎక్కింది, కెమెరా వెలిగింది. అక్క పెద్ద తెర మీద కనబడింది. ఈసారి రెండు ముక్కురంధ్రాలూ కనబడ్డాయి. తర్వాత ఎవరో ఫోన్ వెనక్కి జరిపితే మొహం వచ్చింది. ఆడబిడ్డ ఎర్రటి మొహం చూసి ఎవరి పెళ్లి అని అక్క అడిగింది.

అంతా బాగానే ఉంది గానీ తగువు మాత్రం తెగలేదు. సగం అన్న ఆడాడు, మౌస్ తాను పట్టుకుంది, కాబట్టి గెలుపు వాళ్ల పుట్టింటిదని ఆడబిడ్డ అంటోంది. చెప్పిన నోరు నాది. చూపిద్దామంటే పాత ఆట లేదు, లెక్క లేదు, సాక్ష్యం లేదు. అందుకే ఈ ముచ్చటంతా కాయితం మీద పెట్టిస్తున్నాను. ఆ ఆట గెలిచింది నేను.

రాసినవా పిల్లా? “నేను” అనే రాసినవా, “అన్న” అని రాసినవా? గట్ల నవ్వుతానవేంది? నాకు సదువు రాదనే గదా. ఇగ మొదటికెళ్లి సదువు, నేను ఇంట. ఒక్క అక్షరం ఇడవకు.