ప్రహరీ పక్క అంగుళం

దర్జీ మెడలో టేపు లేని పూట ఉండదు. అన్నం తినేటప్పుడూ ఉంటుంది, పళ్ళు తోముకునేటప్పుడూ ఉంటుంది. పక్కింటి తోడల్లుడు వెనకవైపు ఇంకో గది వేయడానికి పునాదికి ముగ్గు పోయించిన రోజు నుంచి ఆ టేపుకు కొత్త పని పడింది. చెల్లెలికి నాలుగో గది వస్తోందని భార్య రోజుకోసారి గుర్తుచేస్తుంటే అతనికి కడుపు మండిపోతోంది. ప్రహరీ నుంచి అయిదడుగులు వదలాలన్న నిబంధన ఒక్కటే మిగిలిన ఆశ. కుట్టడానికిచ్చిన బట్టల గడువు గుర్తుండని మనిషి, ఆ నిబంధనల కాగితం మాత్రం కంఠతా పట్టాడు. తెల్లారగానే బ్రష్షు నోట్లో పెట్టుకుని, ప్రహరీ దాటి కొలిచేవాడు. ఏ రోజు కొలిచినా అంగుళం తక్కువే. ఆ సంగతి పేరు లేకుండా ప్లానింగు ఆఫీసుకు రాసి పడేశాక, మూడు రోజులు హాయిగా నిద్రపోయాడు.

నాలుగో రోజు ఇన్‌స్పెక్టరు ఇనప టేపుతో వచ్చాడు. "అన్నయ్యా, ఈ చివర కాస్త పట్టుకోండి" అన్నాడు తోడల్లుడు. పట్టుకోక తప్పలేదు. అయిదడుగుల ఒక అంగుళం. "సరిగ్గా చూడండి సార్, నేను కొలిచినప్పుడు..." అని నాలిక కరుచుకున్నాడు దర్జీ. ఇన్‌స్పెక్టరు అతని మెడలోని టేపు తీసుకుని ఇనప టేపు పక్కన పరిచాడు. "మీది వాడివాడి రెండంగుళాలు సాగిందండీ, అందుకే కొలత తక్కువ చూపిస్తోంది." తోడల్లుడు ఏమీ ఎరగనట్టే మేస్త్రీ వైపు తిరిగాడు. "ఇంకో అంగుళం మనదేనట. ముగ్గు ప్రహరీ వైపు జరుపు."

దర్జీ టేపును జేబులో కుక్కుకుని ఇంటికొచ్చాడు. భార్య ఆ బోసి మెడను చూసి, జ్వరమేమోనని నుదురు తాకింది.

"నాకేం కాలేదు. మీ చెల్లెలి గదే అంగుళం పెరిగింది."