‘మా ఇంట్లో అద్దెకెవరూ లేరు’

2023లో వర్షాలు తగ్గుముఖం పట్టిన రోజులు. ఛత్తీస్‌గఢ్‌లో శాసనసభ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. నేను బిలాస్‌పూర్‌లోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. పాఠాలతో పాటు నాకు ఇంకో డ్యూటీ కూడా ఉంది. తోర్వా ప్రాంతంలో ఒక పోలింగ్ బూత్‌కు నేను బీఎల్‌ఓని, అంటే బూత్ లెవెల్ ఆఫీసర్ని. ఆ బూత్ పరిధిలో కొత్తగా ఓటుకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళు నిజంగా అక్కడ ఉంటున్నారో లేదో చూసి రిపోర్టు ఇవ్వాలి.

కొత్త ఓటరు పెట్టుకునే దరఖాస్తును ఫారం సిక్స్ అంటారు. ఆ ఏడాది అక్టోబర్ ఒకటికి పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు కూడా ఆ ఎన్నికల్లో ఓటు వేయవచ్చని ప్రకటించారు. దాంతో కాలేజీ పిల్లల దరఖాస్తులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. వాటిలో హేమలతది ఒకటి. నర్సింగ్ చదువుతోంది. సెప్టెంబర్‌లోనే పద్దెనిమిది నిండాయి. వాళ్ళ నాన్న ఇక్కడే రైల్వే లోకో షెడ్‌లో పనిచేసి, కిందటి ఏడాది రిటైరయ్యాడు. క్వార్టర్ అప్పగించేసి, భార్యతో టెక్కలి దగ్గర పల్లెకు వెళ్ళిపోయాడు. చదువు మధ్యలో ఉంది కనుక పిల్ల మాత్రం తోర్వాలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండిపోయింది. ఆధార్‌లో ఇంకా పాత క్వార్టర్ చిరునామాయే ఉంది. కొత్త చిరునామాకు ఆమె దగ్గర కాలేజీ వాళ్ళిచ్చిన ధ్రువపత్రం తప్ప ఇంకేమీ లేదు. ఇలాంటప్పుడు మేం స్వయంగా వెళ్ళి చూసి చెప్పేదే లెక్క.

ఒక ఆదివారం పొద్దున వెళ్ళాను. మేడ మీద గదులున్న ఇల్లు. గేటు దగ్గర ఇంటి యజమాని సాహూజీ నిలబడ్డారు. ఏదో దుకాణం నడిపి మానేసిన పెద్దాయన. హిందీలో మర్యాదగానే మాట్లాడారు.

"మా ఇంట్లో అద్దెకెవరూ లేరు మేడమ్. మీకెవరో తప్పు చెప్పారు."

ఆయన వెనక మెట్ల మీద ఒక అమ్మాయి దిగుతూ ఆగిపోయింది. చేతిలో ఉతికిన బట్టల బకెట్ ఉంది. దరఖాస్తు మీది ఫోటోలో ఉన్న మొహమే. నా చూపు ఎటు వెళ్ళిందో గమనించి ఆయనే వెనక్కి తిరిగారు.

"నువ్వే చెప్పు బేటీ. నువ్విక్కడ అద్దెకుంటున్నావా?"

ఆ పిల్ల నా వంక చూడలేదు. "లేదు మేడమ్. ఫ్రెండ్ కోసం వచ్చాను" అంది.

నేనేమీ రాసుకోకుండా తిరిగొచ్చాను. మనసు మాత్రం కుదుటపడలేదు. విన్నది విన్నట్టు రాస్తే దరఖాస్తు తిరస్కరిస్తారు. చూసింది రాస్తే ఆ పిల్లకు ఏమవుతుందో తెలియదు. గడువు చూస్తే దగ్గరపడుతోంది. అది దాటితే ఈ ఎన్నికలకు ఆమె పేరు లేనట్టే.

మర్నాడు స్కూలు వదిలే వేళకు హేమలతే గేటు దగ్గర నిలబడి ఉంది. నేను తెలుగుదాన్నని ఎవరో చెప్పారట.

"ఆంటీ, నిన్న అలా చెప్పాల్సొచ్చింది. ఉంటున్నానంటే అంకుల్ రేపే ఖాళీ చెయ్యమంటారు. ఎగ్జామ్స్ దగ్గరికొచ్చీశాయి. ఇప్పుడు రూమ్ ఎక్కడ దొరుకుతాది? అచ్ఛా, నా ఫారం వాపస్ తీసుకోవచ్చా?"

"తీసుకోవచ్చు. తొందరపడకు. ముందు నేనాయనతో మాట్లాడతాను."

ఆ సాయంత్రమే మళ్ళీ వెళ్ళాను. సాహూజీ ఈసారి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఓటరు జాబితాలో పేరున్నంత మాత్రాన అద్దెకున్నవాళ్ళకు ఇంటి మీద ఏ హక్కూ రాదని వివరంగా చెప్పాను. అంతా విని తల ఊపారు. అంతకుముందు ఆ గదుల్లోనే ఒకాయన సంసారంతో ఉండేవాడట. ఖాళీ చెయ్యమంటే కోర్టుకు వెళ్ళాడట. తాను ఎన్నో ఏళ్ళుగా అక్కడే ఉంటున్నానని చెప్పడానికి అతను చూపించిన కాగితాల్లో ఓటరు కార్డు కూడా ఉందట. కేసు తేలి ఆ గదులు చేతికొచ్చేసరికి, కోర్టు ఖర్చులకు సాహూజీ దుకాణం మూతపడింది.

"మీరు రూలు చెబుతున్నారు మేడమ్. నేను పడింది చెబుతున్నాను" అన్నారాయన. "పిల్ల మంచిదే. నాకు ఏ కోపమూ లేదు. కానీ మా ఇంటి నంబరు మీద ఇంకెవరి పేరూ ఎక్కడానికి వీల్లేదు."

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. నమస్కారం పెట్టి లేచాను.

మరుసటి రోజు హేమలతకు ఉన్న దారులు చెప్పాను. చదువు కోసం వేరే ఊళ్ళో ఉంటున్న విద్యార్థి, చదువుకునే చోటైనా ఓటు పెట్టుకోవచ్చు, తల్లిదండ్రులుండే చోటైనా పెట్టుకోవచ్చు. రెండు చోట్లా మాత్రం కుదరదు. అలా పెట్టుకోవడం నేరం. "మీ అమ్మావాళ్ళ ఊళ్ళో పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. రూము నిలబడుతుంది. ఆలోచించుకో" అన్నాను.

ఆమె అక్కడికక్కడే తల్లికి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.

"ఏటి టీచరమ్మా, ఓటు ఈసారి కాపోతే మళ్ళీపాలి ఏస్తాది" అంది ఆ తల్లి. "రూము పోతే ఆడపిల్ల ఎక్కడుంటాది? పరీక్షలు పాడైతే ఎవలు బాధ్యత? ఆ పేరు ఒగ్గీమని మీరే సెప్పండి."

నాకూ ఒక కూతురుంటే అదే అనేదాన్ని. ఫోన్ తిరిగిచ్చి, "అమ్మ చెప్పిందే మంచిదేమో" అన్నాను.

హేమలత ఫోన్ తీసుకుని బ్యాగులో పెట్టేసింది.

"ఆ ఊరు నేను సెలవల్లో చూసిన ఊరు ఆంటీ. అక్కడ ఏటి బాగుందో, ఏటి బాగోలేదో నాకు తెల్దు. తెలుగు చదవడం కూడా సరిగ్గా రాదు. నేను పుట్టింది ఇక్కడ రైల్వే హాస్పిటల్లో. అలాంటిది నేనిక్కడ లేనని నా నోటితోనే చెప్పాను. అదే... మతలబ్, అదే నిద్ర పట్టనీడం లేదు."

"మరి రూము?"

"అంకుల్‌తో నేనే చెప్తాను. ఉన్నది ఉన్నట్టు రాయండి."

నేను మళ్ళీ మళ్ళీ అడిగాను. ఆమెతో వెళ్ళి గది చూశాను, పక్కిళ్ళవాళ్ళను అడిగాను. చివరికి రాశాను. దరఖాస్తుదారు ఆ ఇంట్లో ఉండటం నేను చూశానని, ఇరుగుపొరుగు కూడా అదే చెప్పారని, ఇంటి యజమాని మాత్రం కాదంటున్నారని. మాట తేడా వచ్చింది కనుక తహసీల్ ఆఫీసులో హియరింగ్ పెట్టారు. అంటే దరఖాస్తు తేల్చే అధికారి దరఖాస్తుదారును పిలిపించి స్వయంగా వినడం.

హియరింగ్ రోజు నేను ముందే వెళ్ళి వరండాలో కూర్చున్నాను. ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు. హేమలత జాడ లేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. యజమాని నిలదీశాడా, తల్లి రావద్దందా, ఈ పిల్లను నేనే అనవసరంగా ఇందులోకి దింపానా అని ఒకటే ఆలోచన. గుమస్తా ఆమె పేరు పిలిచేసరికి లేచి వెళ్ళాను. కాస్త ఆగమని బతిమాలుకున్నాను. మరో ఇద్దరి వంతు అయ్యాక వచ్చింది, నర్సింగ్ యూనిఫాంలోనే. వార్డులో డ్యూటీ ముగిసేదాకా ఫోన్ ఆన్ చెయ్యనివ్వరట.

అధికారి కాగితాలు తిరగేసి, "నీ తల్లిదండ్రులు ఆంధ్రలో ఉన్నారు కదా, అక్కడ పెట్టుకోవచ్చుగా?" అన్నారు.

"పెట్టుకోవచ్చని మేడమ్ చెప్పారు సర్. కానీ నేను ఉండేది ఇక్కడ."

"ఇంటాయన లేవంటున్నాడు. నువ్వు కూడా మొదట లేనన్నావట?"

"భయపడి అన్నాను సర్. ఉంటున్నానని నిన్న ఆయనతోనే చెప్పాను."

ఆయన నా వైపు తిరిగారు. "మీరు చూశారా?"

"చూశాను సర్." మంచం, స్టవ్వు, పుస్తకాలు ఎలా ఉన్నాయో చెప్పాను. అధికారి హేమలత పేరు చేర్చమని రాసి సంతకం పెట్టారు.

సాహూజీ కేకలేయలేదు. నెలాఖరుకు ఖాళీ చెయ్యమని మాత్రం అన్నారు. హేమలత మోప్కాలో ఒక క్లాస్‌మేట్ గదిలో సర్దుకుంది. కాలేజీకి బాగా దూరం. ఆ పిల్ల పరీక్షలు రాసినన్నాళ్ళూ నాకు స్థిమితం లేదు. ఒక్క పేపరు పోయినా నేను రాసిన రిపోర్టే కారణమనిపించేది. ఫోన్ చెయ్యాలనిపించేది, చెయ్యడానికి భయం వేసేది.

పోలింగ్ రోజున బూత్ బయట బల్ల వేసుకుని, వచ్చినవాళ్ళకు వాళ్ళ పేరు ఎక్కడుందో చూసి చెబుతున్నాను. ఇల్లు మారినా ఆమె ఓటు మా బూత్‌లోనే ఉంది. మధ్యాహ్నం దాటినా రాలేదు. ఇక రాదేమో అనుకుంటుండగా వచ్చింది. వరుసలో ఆమెకు కొంచెం ముందు సాహూజీ ఉన్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎక్కడుంటున్నావిప్పుడు?" అన్నారాయన.

"మోప్కాలో అంకుల్."

"అక్కడ నీళ్ళొస్తాయా?"

"పొద్దున వస్తాయి."

ఆయన తల ఊపి ముందుకు తిరిగారు. అంతే. ఓటేసి బయటికొచ్చిన హేమలత నా బల్ల దగ్గర ఆగింది. "పేపర్లు బాగానే రాశాను ఆంటీ. అమ్మ ఇంకా కోపంగా ఉంది" అని నవ్వి, ఆటో కోసం పరుగెత్తింది.

ఓటు హక్కుకు కావలసింది వయసు, పౌరసత్వం, ఉండే చోటు అని శిక్షణలో మాకు చెబుతారు. మొదటి రెండూ కాగితం మీద తేలిపోతాయి. మూడోది చాలామంది పిల్లలకు వాళ్ళ చేతుల్లో ఉండదని హేమలత వల్ల తెలిసింది. అందుకే ఇప్పుడు కాలేజీలకు వెళ్ళినప్పుడు ఫారం ఎలా నింపాలో తర్వాత చెబుతాను. మొదట అడిగేది ఒకటే: "మీరు పడుకునే గది ఎవరిది? మీరు ఓటు పెట్టుకుంటున్నట్టు వాళ్ళకు తెలుసా?" ఎవరో ఒకమ్మాయి తెలియదంటూ మెల్లగా చెయ్యెత్తుతుంది. నేను వెళ్ళి ఆ బెంచీ మీద, ఆ పిల్ల పక్కన కూర్చుంటాను.