ఊడబీకిన ఫిల్టరు

సూర్యగ్రహణం రోజు ఉదయం నగరిలో మా చర్చి ఆవరణలో టెలిస్కోపు నిలబెట్టాను. ఆదివారం బడిలో సృష్టి పాఠం చెప్పేవాణ్ణి, పిల్లలకు దేవుని పని చూపించాలని ఆశ. ఎండను గొట్టంలోకి రాకముందే ఆపాలి కాబట్టి సోలార్ ఫిల్టరును ముందు మూతికి టేపుతో బిగించాను.

మా బావ సంఘ పెద్ద. గ్రహణమంటే తలుపులు మూసుకునేవాళ్లను వేదిక మీదే ఎగతాళి చేస్తాడు. నేను జనాన్ని వరుసలో నిలబెడుతుంటే ఆయన ఫిల్టరు ఊడబీకాడు.

"దర్భ పోయి ఈ కాగితం వచ్చినాదా అప్పా? విశ్వాసులకి గ్రహణ దోషం యాడిది?" అంటూ కన్ను పెట్టడానికి వంగాడు.

అరిచే వ్యవధి లేదు. మీదికి దూకి రెండు చేతులతో నెట్టాను. ఆయన గచ్చు మీద బోర్లా పడ్డాడు, పెదవి చిట్లింది. లేచి నా చెంప పగలగొట్టాడు.

"మందిరంలో పెద్దాయన మీద సెయ్యెత్తినావే, సైతానా!" అంటూ మా అక్క నా వీపు మీద గుద్దింది.

నేను ఎండుటాకు ఒకటి తీసి, ఆయన కన్ను పెట్టబోయిన చోట పట్టుకున్నాను. పొగ లేచింది. ఆకు నడుమ చిల్లు పడి అంచులు ఎర్రగా రాజుకున్నాయి.

"దోషం కాదు బావా, ఎండ. దాన్ని ఇంత మంటగా సేసింది మన దేవుడే," అన్నాను.

బావ రక్తం ఉమ్మి, కన్ను తడుముకున్నాడు. అక్క తన వేళ్లు ఆయన ముఖం ముందు ఆడించి, "కనపడతా ఉండాయా?" అని అడిగింది.

ఆయన ఉన్నాయన్నాడు. అక్క భోరున ఏడుస్తూ ఆయన వీపు మీద ఇంకా గట్టిగా గుద్దింది.